నీలం బిళ్ళలు

విడవలూరు సెంటర్లో నాది ఎరువుల కొట్టు.
ముందు యూరియా, పొటాషు, గుళికలు,
వెనక గదిలో గొళ్ళెం వేసి మందులు.
ఎంత సబ్బు రుద్దినా చేతుల వాసన పోదు.
మా ఆవిడ అన్నం తినేటప్పుడు అటు తిరిగి కూర్చుంటుంది.

ఆ ఏడు ఎలుకలు ముందే దిగాయి.
మొలగొలుకులు పొట్టకొచ్చే వేళకి
కయ్య నడిమధ్య గుండ్రంగా కొరికేసిన జాగాలు.
గెనిమ మీద నిలబడి చూస్తే అంతా పచ్చగానే ఉంటుంది,
టెంకాయచెట్టు ఎక్కినవాడు చెప్పాలి
చేను తలకి ఎన్నిచోట్ల గుండు కొట్టారో.
ఎకరాకి మూడు పుట్లు రావాల్సిన చోట
రెండొస్తే చాలని దండం పెట్టుకున్నారు.

నీలం బిళ్ళలు అమ్మాను.
పెట్టె తరవాత పెట్టె, కొందరికి నగదుకి, చాలామందికి అరువుకి.
అబద్ధమెందుకు, ఆ ఏడు నాకు మంచి లాభం.

ఇండ్ల మస్తానమ్మని మాత్రం ఆసారి ఎవరూ పిలవలేదు.
తను, మొగుడు, పొగకుండ, గడ్డపార, చెవి తెగిన కుక్క,
ఏటా గెనిమలు తవ్వే మనుషులు వాళ్ళు.
బొక్కలో ఎలుక దాచుకున్న వెన్నులు
చేటలో నలిపి చెరిగితే మానికెడు, ఒక్కోసారి రెండు.
"దొంగ కాడ దోచేది దొంగతనం గాదులే సెట్టీ" అని నవ్వేది.
బిళ్ళ ఉండగా పొగెందుకు అనుకున్నారు రైతులు.
నేనూ అదే అన్నాను, అమ్ముతూ.

పుష్యమాసం పొద్దున, మంచు ఇంకా విడవలేదు,
గోతాం విప్పి నా కాటా మీద పెట్టింది
ఒక తెల్లగూబని.
తమలపాకు లాంటి మొహం.
ముక్కు కొసన నల్లగా ఎండిన నెత్తురు చుక్క.
అశుభమని ఇద్దరు రైతులు చెప్పులేసుకుని దిగిపోయారు.
"నాలుగు వందల ఇరవై గ్రాములు"
అలవాటుగా నోరు చదివేసింది.

"రాసుకో" అంది.
"ఏమని?"
"నీ బిళ్ళ ఎలక తినింది. ఎలక తూలతా పొయ్యింది.
తూలే ఎలకని పట్టను దీనికెంత సేపు?
ఎవురి పద్దులో రాస్తావో రాసుకో సెట్టీ."

కొట్టు మూసి ఆమె వెంట నడిచాను.
మలుపు కాలవ పక్క మొండితాడి, తొర్ర, కింద బూడిదరంగు ఉండలు.
ఒకటి గోటితో విప్పింది.
బొచ్చు, సన్నటి ఎముకలు, నాలుగు పుర్రెలు
బఠాణీ గింజంత పళ్ళతో.
"ఒక్క రేతిరి మేత."
నాకు లెక్కలంటే భయం లేదు,
నాలుగుని మూడు వందల అరవై ఐదుతో హెచ్చించబోయి
మధ్యలో ఆగాను.

ఇంకా ముందు జెర్రిపోతు ఎల్లకిలా పడి ఉంది, పొట్ట ఉబ్బి.
మస్తానమ్మ ఒక బొక్క దగ్గర కూలబడింది.
ఎలుక తవ్విందట. ఎలుకని మింగి పాము కాపరం పెట్టిందట.
పాము పోయాక కప్పలు, వానలకి ఎండ్రకాయ.
"నడాన మేము" అంది,
చెయ్యి మోచేతి దాకా లోపల పెట్టి.
మట్టి తప్ప ఏమీ రాలేదు.

పై ఏడు ఎలుకలు మళ్ళీ వచ్చాయి.
గూబలు రాలేదు.

ఇప్పుడు బిళ్ళల పెట్టెల పక్కన
కొయ్యతో కొట్టించిన ఆనవాలు కర్రలు నిలబెట్టాను,
కయ్యలో పాతితే గూబ వాలుతుందని. ఊరకే ఇస్తాను.
ఊరకే ఇచ్చేదాన్ని ఎవరు నమ్ముతారు?
రెండు పోయాయి, ఒకదానికి ఎవరో బనీను ఆరేశారు.
బిళ్ళలు అమ్మడం మానానని చెప్పలేను.
గొళ్ళెం తీసే ముందు కాస్త ఆగుతానంతే.

నిన్న రాత్రి మిద్దె మీదినుంచి చించినట్టు ఒక కేక.
"తోలిరా, మంచిది కాదు" అంది మా ఆవిడ, దుప్పటి లాక్కుని.
లేవలేదు.
కాలవవైపు నుంచి బదులిచ్చే రెండోది ఉందేమోనని
చెవి ఒగ్గి పడుకున్నాను.